పల్చన మాత్ర

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఒక రాజు ఉన్నాడు, ఆయనకొక రాణి ఉంది. రాజు గుండెకి దెబ్బ తగులుతుంది. అంతఃపురంలో రహస్య మంతనాలు జరుగుతాయి. నమ్మినవాడికి సొంతవాళ్ళే వెన్నుపోటు పొడుస్తారు. రాజు మృత్యువు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి వస్తాడు.

అంత లేదు లెండి. రాజు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. రాజ్యం ఫరీదాబాద్‌లో రెండు గదుల ఇల్లు, ఒక బాల్కనీ. కిరీటం మాత్రం నిజంగానే ఉండేది. అట్టముక్కకి బంగారు కాగితం అంటించి చేసింది, బీరువా మీద పాత రజాయి దుప్పట్ల పక్కన పడుండేది. వెన్నుపోటుకి వాడిన ఆయుధం స్టీలు డబ్బా మూత. పొడిపించుకున్నది నేను.

మా నాన్న ఢిల్లీ తెలుగువాళ్ళలో పద్యాల మనిషి. ఏటా ఉగాదికి ధౌలా కువాన్ దగ్గర ఒక హాలు మాట్లాడుకుని మావాళ్ళు పౌరాణిక నాటకం వేసేవారు. రాజు వేషం నాన్నదే. ఏడాది పొడుగునా ఫైళ్ళ మీద ‘పరిశీలించవచ్చు’ అని రాసే మనిషి ఆ ఒక్క సాయంత్రం గద తిప్పేవాడు. పద్యం చివర రాగం తీశాడంటే, ఆ లోపల జనం బయటికెళ్ళి సమోసా తిని రావచ్చు. నేను వెళ్ళి వచ్చేవాణ్ణి కూడా. ఆఖరి అంకంలో రాజు చచ్చిపోవాలి. చావడానికి నాన్న నాలుగు పద్యాలు తీసుకునేవాడు. ఎవరైనా వన్స్ మోర్ అంటే లేచి దుమ్ము దులుపుకుని మళ్ళీ చచ్చేవాడు.

ఆ ఇంట్లో ఒక్కగానొక్క కొడుకుని కాబట్టి విమర్శకుడి ఉద్యోగం నాకు వచ్చింది. గుర్గావ్‌లో ఒక కంపెనీలో జీతమిచ్చే ఉద్యోగం కూడా ఉండేది గానీ, నా అసలు డ్యూటీ ఇంట్లోనే. ఎవరు డ్రామా మొదలెట్టినా గాలి తీసేయడం. నా ముందు ఎవరి నటనా సాగదని నాకు గట్టి నమ్మకం. ఈ కథంతా ఆ నమ్మకం మీదే నిలబడింది, అంటే పడింది.

ఆ ఏడు వానాకాలంలో నాన్న ఆఫీసు నుంచి చార్టర్డ్ బస్సు దిగి ఇంటికి నడిచొస్తూ గుండె పట్టుకున్నాడు. గ్యాసన్నాడు. అమ్మ వాము ఇచ్చింది. వాముకి లొంగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. గుండె రక్తనాళం ఒకటి మూసుకుపోయిందని, తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, అక్కడ స్టెంట్ అనే చిన్న జల్లెడ గొట్టం పెట్టారు. ఢిల్లీలో దాన్ని ఛల్లా అంటారు, ఉంగరంలాంటిదని. నాన్న మళ్ళీ బస్సెక్కిన రోజు పక్క సీటాయన ‘అచ్ఛా, ఛల్లా డల్‌వా లియా?’ అని, అంటే ఉంగరం వేయించుకున్నావా అని, కొత్త పెళ్ళికొడుకుని అడిగినట్టు అడిగాడట. నాన్న సిగ్గుపడ్డాడట కూడా.

ఇంటికి పంపించే ముందు డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. రక్తనాళంలో ఈ ఛల్లా కొత్త వస్తువు, రక్తం దాన్ని చూస్తే గడ్డకడుతుంది. లోపలి పొర పెరిగి దాన్ని కప్పేసేదాకా గడ్డ కట్టకుండా మాత్ర కాపలా కాయాలి. ఈ రకం ఛల్లాకి మందు పూత ఉంటుంది కాబట్టి ఆ పొర నిదానంగా పెరుగుతుంది. అందుకని కనీసం ఏడాదిపాటు ఆ గులాబీ రంగు మాత్ర మానకూడదు. జ్వరమొచ్చినా, పన్ను పీకాల్సొచ్చినా, ఇంకే డాక్టరు ఆపమన్నా, ముందు తనని అడగాలి. ఆపితే గడ్డ కడుతుంది, ఒకేసారి మూసుకుపోతుంది, అప్పుడు ఇంటి నుంచి ఆసుపత్రికి వచ్చేంత టైము ఉంటుందో ఉండదో తను చెప్పలేడు. ఇదంతా హిందీలో చెప్పి, ఆ మాత్ర పేరు పలకడం మాకు కష్టమని, ‘ఖూన్ పత్లా కర్నే కీ దవా’ అన్నాడు.

అమ్మ హిందీ కూరల బండి దగ్గర బాగా నడుస్తుంది, ఆసుపత్రుల్లో ఆగిపోతుంది. ఏమన్నాడురా అని అడిగింది. రక్తం పల్చన చేసే మాత్రట, ఆపకూడదట అన్నాను. అమ్మ మొహం చూస్తే, ఆయన ఎవరింటికో కన్నం వేయమన్నాడని నేను చెప్పినట్టుంది.

నిజానికి ఆ మాత్ర రక్తాన్ని నీళ్ళు కలిపిన పాలలా చేయదు. గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది, అంతే. కానీ ఇంగ్లీషువాడు దాన్ని థిన్నర్ అన్నాడు, హిందీవాడు పత్లా అన్నాడు, మన దగ్గరికొచ్చేసరికి పల్చన అయింది. తెలుగులో పల్చన అంత మర్యాదైన మాట కాదు. పప్పు పల్చనైతే చుట్టాలు గుర్తుపెట్టుకుంటారు. మనిషి పల్చనైతే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. ఇక రక్తం పల్చబడటమంటే మా అమ్మ వైద్యశాస్త్రంలో అన్ని రోగాలకీ తల్లి. నేను పరీక్ష తప్పినా రక్తం పల్చబడే తప్పాను. బీట్‌రూట్, ఖర్జూరం, తోటకూర పెట్టి మా ఇద్దరి రక్తాన్నీ చిక్కబరచడమే ఆవిడ జీవితాశయం. అలాంటిది, చదువుకున్న డాక్టరు పిలిచి మరీ పల్చన చేయమంటున్నాడు.

అయినా చెప్పినట్టే చేసింది. రోజూ పొద్దున్న టిఫిన్ అయ్యాక మందుల స్టీలు డబ్బా మూత తిరగేసి, అందులో మాత్రలు పెట్టి నాన్న ముందుంచేది. తెల్లది ఒకటి, గులాబీది ఒకటి. నేను ఆఫీసు క్యాబ్ కోసం బూట్లు వేసుకుంటూ చూసేవాణ్ణి. నాన్న రెండూ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించేవాడు. ఆ నాలుక ఎత్తడం నేను పెట్టిన రూలు. నేను ‘పాస్’ అనేవాణ్ణి. ఆయన రాజుగారిలా చెయ్యి ఎత్తి నన్ను దీవించి ఆఫీసుకి బయల్దేరేవాడు. రోజూ అదే సీను, అదే నటవర్గం, ఒకే ఒక్క ప్రేక్షకుడు.

మాత్ర దాని పని అది చేసింది. గడ్డం గీసుకుంటే చిన్న గాటు కూడా ఎంతకీ ఆగేది కాదు. గాటుకో పేపరు ముక్క అంటించుకుని నాన్న బస్సెక్కేవాడు. గడ్డం మీద వార్తలు చదువుకోవచ్చని నేనన్నాను. మోచెయ్యి తలుపుకి తగిలితే నీలంగా కమిలిపోయేది. అమ్మ ఆ మచ్చల్ని పొద్దునా సాయంత్రం చూసి, ఆ రోజు కూరలో బీట్‌రూట్ పెంచేది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది. రిహార్సల్లో రాగం తీస్తుంటే పళ్ళ మధ్య ఎర్రగా కనబడి, మంత్రి వేషంవాడు ‘రాజుగారు తాంబూలం సేవించినట్టున్నారు’ అన్నాడని విన్నాను. మంచి జోకే అనుకున్నాను. నాన్న ఆ రోజు ఇంటికొచ్చి భోంచేయలేదన్నది నాకు తర్వాత తెలిసింది.

చలికాలం వచ్చింది. చలితోపాటు నాన్న మొహంలో కళ వచ్చింది. గడ్డం మీద పేపర్లు మాయమయ్యాయి. మచ్చలు పసుపు రంగుకి తిరిగి పోయాయి. ఒకరోజు మూతలో ఉన్న మాత్ర రంగు కాస్త ముదురుగా ఉందని నాకు అనుమానం వచ్చి అడిగాను. కొత్త స్ట్రిప్పురా అంది అమ్మ, పొయ్యి వైపు తిరిగి. నాన్న నాలుక ఎత్తాడు. పాస్ అన్నాను. హీరోలా ఉన్నావు నాన్నా అని కూడా అన్నాను.

జనవరిలో ఒక ఆదివారం పొగమంచు తొలగి ఎండ వచ్చింది. చలికాలంలో ఎండ వస్తే ఫరీదాబాద్ మొత్తం బాల్కనీల్లోకి వచ్చేస్తుంది. మేం ముగ్గురం బఠాణీలు ఒలుస్తున్నాం. నాన్న రెండు స్వెట్టర్లు వేసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, ఒలిచినవాటిలో సగం తింటున్నాడు. కాసేపటికి లేచి లోపలికెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

“ఒరేయ్, కాస్త ఫ్యాన్ వెయ్యరా” అన్నాడు.

ఎందుకూ, బఠాణీలకి ఉక్కపోస్తోందా అంటూ లోపలికెళ్ళాను. మంకీ క్యాపు కింద నుంచి చెమట కారుతోంది. అన్నేళ్ళు స్టేజీ మీద రాగాలు తీస్తూ చచ్చిన మనిషికి, అసలు సమయం వచ్చేసరికి దొరికిన డైలాగు ఆ ఫ్యాను ఒక్కటే. పద్యం లేదు. గుండె మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. మంచం పట్టెని పట్టుకుని, చాలా మర్యాదగా, ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టంలేనట్టు కూర్చున్నాడు.

కింది ఇంటాయన వ్యానులో తీసుకెళ్ళాం. ఛల్లా వేసిన డాక్టరునే ఇంటి నుంచి పిలిపించారు. వాకింగ్ బూట్లతోనే వచ్చేశాడు. గుండె గీతల కాగితం చూసి, ఛల్లా లోపల గడ్డ కట్టినట్టుంది అన్నాడు. నా వైపు తిరిగి, మందు ఏమైనా ఆపారా అని అడిగాడు.

లేదు సర్ అన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. ఇలా ఒక్కసారిగా మూసుకుపోయిందంటే చాలావరకు మందు ఆపినప్పుడే, సరిగ్గా గుర్తు తెచ్చుకో అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తను వేసిన ఛల్లాలో లోపం మా మీదికి తోస్తున్నాడనుకున్నాను. రోజూ నా కళ్ళముందే వేసుకుంటాడు, నేనే దగ్గరుండి చూస్తాను, నాలుక కూడా ఎత్తిస్తాను అని చెప్పాను. ఆవేశంలో నోరు తెరిచి, నాలుక ఎత్తి, ఎలాగో చూపించాను. మంచి డాక్టరు, వంగి చూశాడు కూడా.

అప్పుడు వెనక నుంచి అమ్మ నా స్వెట్టర్ పట్టుకుని లాగింది.

“ఆపాం అని చెప్పు.”

“ఏంటి?”

“ఆ గులాబీ మాత్ర. ఆపేశాం అని చెప్పు ఆయనకి.”

“రోజూ వేసుకున్నాడు కదమ్మా. నేను చూశాను.”

“నువ్వు చూసింది ఐరన్ మాత్రరా.”

ఆ మాటని డాక్టరుకి హిందీలో చెప్పగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. కాబట్టి నేనే చెప్పాను. ఒక అబద్ధాన్ని ఇంట్లో నమ్మి, బయట దానికి సాక్ష్యం చెప్పి, నాలుక ఇంకా సరిగ్గా లోపలికి వెళ్ళకముందే అది అబద్ధమని అనువాదం చేసిన మనిషి నేను తప్ప ఇంకొకడు ఉంటాడనుకోను. డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. ఠీక్ హై అని లోపలికి వెళ్ళిపోయాడు. రక్తం పల్చనవ్వాల్సింది నాన్నది. పల్చనైంది నేను.

తలుపు బయట బెంచీ మీద కూర్చుని అమ్మ మొత్తం చెప్పింది. నాన్నకి దవడ పన్ను నొప్పి మొదలైంది. మా సెక్టారు మార్కెట్‌లో పళ్ళ డాక్టరు చూసి, పీకాలి, ఈ మాత్ర సంగతి గుండె డాక్టరుని అడిగి రండి అన్నాడు. నాన్న అడిగాడు, గుండె డాక్టరుని కాదు, చార్టర్డ్ బస్సులో పక్క సీటాయన్ని. ఆయన బావమరిది కూడా కొన్నాళ్ళు ఆపాడట, ఏమీ కాలేదట. అమ్మకి చెబితే ఆవిడ వెంటనే ఒప్పుకుంది. రక్తం చిక్కబడుతుందంటే కాదనే ఇల్లాలు కాదు. తన ఐరన్ మాత్ర ఇంచుమించు అదే రంగు. నా కోసం దాన్ని మూతలో పెట్టారు. పన్ను పీకించుకోగానే మళ్ళీ మొదలెడదామనుకున్నారు.

తీరా చూస్తే పళ్ళ డాక్టరు షట్టరు దించేసి మేరఠ్‌లో పెళ్ళికి వెళ్ళాడు. ఉత్తరాదిన పెళ్ళిళ్ళ సీజను, ఒక పెళ్ళికి వెళ్ళినవాడు ఇంకో రెండు చూసుకుని గానీ రాడు. ఇవాళ వస్తాడు రేపు వస్తాడు అనుకుంటుండగా పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయింది. చిగుళ్ళు మంచిగా అయ్యాయి. రిహార్సల్లో రాగం రెట్టింపైంది. పన్నూ బాగుంది, మొహమూ బాగుంది, ఇక ఆ మాత్ర ఎవరికి గుర్తుంటుంది.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“చెబితే వద్దంటావని.”

“అంటాను కదా మరి.”

“అదే.”



డాక్టరు బయటికొచ్చి, గడ్డ తీసేశాను, రక్తం పారుతోంది అన్నాడు. బతుకుతాడు. కానీ కొంత కండరం పోయింది, అది తిరిగి రాదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, గట్టిగా పాడటాలు అవీ ఇక మరిచిపోవాలి. అమ్మకి అనువాదం చేసేటప్పుడు చివరి ముక్క వదిలేశాను. నేను కూడా ఆ ఇంటివాణ్ణే.

మర్నాడు నన్ను లోపలికి వెళ్ళనిచ్చారు. నాన్న వైర్ల మధ్య పడుకుని, నన్ను చూడగానే అడిగాడు.

“మీ అమ్మ చెప్పేసిందా?”

“చెప్పింది.”

“చెప్పకపోతే నువ్వు కనిపెట్టేవాడివి కాదు.” గొంతులో ఓపిక లేదు గానీ గర్వం ఉంది. “నాలుక కింద దాచడం లాంటి చవకబారు పనులు నేను చెయ్యలేదురా. నిజంగానే మింగాను.”

“ఐరన్ మాత్ర.”

“మింగడం మాత్రం నిజమే కదా.”

మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. చాలా మంచి లైను. నాన్న నా మొహం వైపు చూస్తూ నవ్వు కోసం కాసేపు ఆగాడు, స్టేజీ మీద చప్పట్ల కోసం ఆగినట్టు. నేను నవ్వలేదు.

“నాకొక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా” అన్నాను.

“నీకు చెబితే ఒక జోకు వేస్తావు. అయిపోతుంది.” పైకప్పు వైపు చూశాడు. “నోట్లో రక్తంతో అందరి ముందూ నిలబడి పాడుతుంటే ఎలా ఉంటుందో నీకేం తెలుసు. మీ ఎదురుగా పేపరు ముక్కలు అంటించుకుని తిరిగాను. పల్చనైపోతున్నానురా నేను. రక్తం సంగతి తర్వాత.”

ఆ మాటకి నేనేదో అనాలి. దగ్గరికి తీసుకోవాలేమో, సరిగ్గా తెలీదు, మా ఇంట్లో అలాంటివి అలవాటు లేవు. నాకప్పుడు జాలి రాలేదు. కోపమే ఉంది. ప్రతి పొద్దున్నా నేను పాస్ అన్నప్పుడు వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎలా చూసుకుని ఉంటారో, నేను క్యాబ్ ఎక్కాక ఏమనుకుని నవ్వుకుని ఉంటారో, అదే కళ్ళకి కడుతోంది.

“డాక్టరు ముందు నాలుక ఎత్తి చూపించాను నాన్నా, నువ్వు రోజూ వేసుకుంటున్నావని” అన్నాను.

నాన్న నవ్వడం మొదలెట్టాడు. మెషీన్ కూతపెట్టింది. కేరళ సిస్టర్ ఒకావిడ పరిగెత్తుకొచ్చి, పేషెంటుని నవ్వించినందుకు నన్ను బయటికి పంపించేసింది. నవ్వించే ఉద్దేశం నాకు లేదని ఆవిడకి ఏ భాషలో చెప్పాలో తెలీలేదు.

ఇంటికొచ్చాక స్టీలు మూతకి పదవి పోయింది. స్ట్రిప్పు నేనే కొనేవాణ్ణి, దాని వెనక అక్షరాలు చదివి నేనే నొక్కి మాత్ర తీసి నాన్న చేతిలో పెట్టేవాణ్ణి.

“అంత నమ్మకం లేదా” అంది అమ్మ ఒకరోజు.

“లేదు” అన్నాను.

అది జోకు కాదని ఆవిడకి అర్థమైంది. మళ్ళీ అడగలేదు. నాకే కష్టమైంది, ఎందుకంటే అది మాత్రతో ఆగలేదు. అమ్మ ‘నేను తినేశానురా’ అనేది, నా చిన్నప్పటి నుంచీ అంటున్న మాటే. ఇప్పుడు లేచి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూసేవాణ్ణి. కొన్నిసార్లు తినేది కాదు. నాన్న ‘ఆయాసమేం లేదు’ అంటే, మెట్ల మలుపు దగ్గర నిలబడి ఆయన ఊపిరి వినేవాణ్ణి. నన్ను బాధపెట్టకుండా ఉండటానికి వాళ్ళిద్దరూ ఎన్నేళ్ళుగా ఎన్ని నాటకాలు ఆడారో, వాటన్నిటికీ నేను ఎలా పాస్ అంటూ వచ్చానో లెక్క తేలలేదు. గొప్ప విమర్శకుణ్ణి.

ఉగాది వచ్చింది. ఆ ఏడు రాజు వేషం తాంబూలం జోకు వేసిన మంత్రికి ఇచ్చారు. అట్ట కిరీటం బీరువా మీద నుంచి నాన్నే దించి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. మేం ముందు వరసలో కూర్చున్నాం. కొత్త రాజు పద్యం ఎత్తుకుని, రాగం తీసి, నేను సమోసా గురించి ఆలోచించే లోపే ముగించేశాడు. చప్పట్లు కొట్టారు. నాన్న కొట్టలేదు.

“రాగం పల్చగా ఉంది” అన్నాడు నా చెవిలో.

నేను బయటికి వెళ్ళలేదు. ఆ నాటకం మొత్తం, రాజు ఒక్కసారే చచ్చేదాకా, కూర్చునే చూశాను.

ఎండాకాలంలో ఆ దవడ పన్ను మళ్ళీ లేచింది. ఈసారి దాపరికం లేదు, నాన్న బుగ్గ పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చి, అదిగో అన్నాడు. ఇంత రభస చేసిన పన్ను కదా, పెద్ద యుద్ధమే ఉంటుందనుకుని ఆఫీసుకి సెలవు పెట్టాను. గుండె డాక్టరుని అడిగితే, ఏ మందూ ఆపక్కర్లేదు, అలాగే పీకించేయండి అని, తన ఆసుపత్రిలోనే పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, మత్తు సూది ఇచ్చి పీకేసింది. మాత్ర వేసుకుంటున్నవాళ్ళు దూది మామూలు కంటే ఇంకాస్త ఎక్కువసేపు కొరికి పట్టుకోవాలి, ఆ పూట వేడి కాఫీ తాగకూడదు. మాత్ర ఆపకుండా పన్ను పీకడానికి కావాల్సిందల్లా అంతే.